గౌరవనీయుడగు క్రీడాశిక్షకుడు – పదవీచ్యుతి : ఒక పరిశీలనము

ప్రస్తావన

విద్యాలయములలో గణితము, చరిత్ర బోధించు ఉపాధ్యాయులకంటె విద్యార్థికి దగ్గరగా మెలగువాడు క్రీడాశిక్షకుడు. పూర్వ మాయనను డ్రిల్లు మాస్టరనిరి, పిమ్మట వ్యాయామోపాధ్యాయుడనిరి, కన్నడ పాఠశాలలలో దైహిక శిక్షణ శిక్షకుడందురు, కళాశాలలలో కోచ్ అను పేరే స్థిరపడినది. దక్షిణదేశమున ఈ వృత్తికి శాస్త్రీయమగు తర్ఫీదు నొసగుటకై 1920లో హారీ క్రో బక్ మదరాసున వై.యం.సి.ఏ. వ్యాయామ విద్యాకళాశాలను నెలకొల్పెను. బాస్కెట్‌బాల్ ఆటయు వై.యం.సి.ఏ. శిక్షణాలయముననే పుట్టినది, 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డున జేమ్స్ నెయిస్మిత్ దానిని కల్పించెను. నాటినుండి ఈ వృత్తికి రెండు ముఖములు కలవు. ఆట నేర్పుట యొకటి. నడవడి నేర్పుట రెండవది.

అట్టి శిక్షకుడు విజయములు తెచ్చినవాడు, పదిమంది మన్ననకు పాత్రుడైనవాడు అయియుండి, అతనిపై దుష్ప్రవర్తన రుజువైనచో ఉద్యోగమునుండి తొలగింపవలెనా, వలదా? ఈ ప్రశ్నకు లోకములో రెండు సుళువైన సమాధానములు వినవచ్చుచుండును. "అంత గొప్పవానిని చిన్న తప్పునకు పంపివేయుట కృతఘ్నత" యనునది యొకటి. "ఆరోపణ వచ్చిననాడే గెంటివేయవలె" ననునది మరియొకటి. మొదటిది శిష్యుని మరచును. రెండవది న్యాయమును మరచును. శిక్షకుని గౌరవము అతని దోషమునకు కవచము కారాదనియు, విచారణ లేని తొలగింపు న్యాయము కానేరదనియు, అన్నిటికంటె ముఖ్యముగా, మొదటి తప్పునాడు మౌనము వహించిన సంస్థయే చివరినాటి అనర్థమునకు సగము బాధ్యురాలనియు చూపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

కోలారు సీమలో ఈ ప్రశ్నకు గల ప్రాధాన్యము

ఉద్యోగము పోవుట యనగా నేమో కోలారు బంగారు గనుల వాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. 1880లో జాన్ టైలర్ కంపెనీవారు చేపట్టిన త్రవ్వకములు నూట యిరువది యేండ్లు సాగి, 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్సు మూతపడుటతో ముగిసినవి. నాటినుండి రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, మారికుప్పము, ఛాంపియన్ రీఫ్ ప్రాంతములనుండి వేలాది జనులు తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు పోయి పొద్దుగూకిన పిమ్మట తిరిగి వచ్చుచున్నారు. తండ్రి యింట లేనివేళ బిడ్డ మైదానములో నుండును. ఆ మైదానములో ఆ బిడ్డకు పెద్దదిక్కు శిక్షకుడే.

ఇట్టి కుటుంబములకు ఆట కేవలము వినోదము కాదు. జిల్లా జట్టులో ఎంపిక, రాష్ట్రస్థాయి యోగ్యతాపత్రము, క్రీడల కోటాలో కళాశాల సీటు, ఆపైన రైల్వేలోనో పోలీసుశాఖలోనో కొలువు: ఈ మెట్లన్నిటికిని మొదటి సంతకము శిక్షకునిది. కావుననే అతడు చేయి చేసికొన్నను, నీచముగా మాటలాడినను, అంతకంటె ఘోరమొనర్చినను బిడ్డ నోరు మెదపడు. తలిదండ్రులు సైతము "సారు కోపగించుకొన్నచో జట్టునుండి తీసివేయును" అని జంకుదురు. అధికారము ఎంత గొప్పదో ఫిర్యాదు అంత అరుదగును. అరుదుగా వచ్చినదనుటచేతనే దానిని తేలికగా త్రోసివేయరాదు.

శిక్షకునిపక్షమున గూడ ఒక మాట చెప్పవలసియున్నది. అతడును సామాన్యముగా ఇట్టి కుటుంబములనుండి వచ్చినవాడే. ఒక్క అసత్యారోపణ అతని జీతమును, గౌరవమును, ముప్పదియేండ్ల కష్టమును ఒక్కదినమున నాశనము చేయగలదు. ఎంపికలో చోటు దక్కని విద్యార్థి పగతో నిందవేయుట అసంభవము కాదు. కావుననే విచారణ యను ఏర్పాటు అవసరమైనది.

కాఠిన్యము వేరు, దుష్ప్రవర్తన వేరు

కఠినుడగు గురువునెల్ల దుష్టుడనరాదు. హైదరాబాదీయుడగు సయ్యద్ అబ్దుల్ రహీం ఉపాధ్యాయ వృత్తినుండి వచ్చి భారత ఫుట్‌బాల్ జట్టునకు శిక్షకుడై 1951లోను 1962లోను ఏషియా క్రీడలలో స్వర్ణపతకములు సాధించి పెట్టెను. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సున మన జట్టు నాల్గవస్థానము పొందినదియు ఆయన యాజమాన్యముననే. క్రమశిక్షణలో ఆయన రాజీపడలేదు. పుల్లెల గోపీచంద్ 2016 రియో ఒలింపిక్సునకు ముందు మూడు నెలలపాటు పి.వి. సింధు చేతిలో ఫోను లేకుండ చేసెను. ఐస్‌క్రీము సైతము నిషేధించెను. ఆమె రజతపతకము గెలిచిన పిమ్మట ఫోను తిరిగి యిచ్చెను. ఇది కాఠిన్యమే. అయినను దీనిని దుష్ప్రవర్తన యని ఎవ్వరును అనలేదు. ఏలయన, ఆ నియమము ఆటకొరకు విధింపబడినది. దానికి గడువు కలదు. అది శిష్యురాలి దేహమునుగాని మానమునుగాని తాకలేదు. ఆ సంగతి లోకమందరియెదుట చెప్పుకొనదగినదిగా నుండెను.

ఈ చివరి లక్షణమే గట్టి గీటురాయి. తలిదండ్రులయెదుట, తోటి ఉపాధ్యాయులయెదుట చేయగల కాఠిన్యము శిక్షణ. తలుపు మూసికొని చేయవలసినది, "ఎవ్వరితోను చెప్పకు" మని హెచ్చరింపవలసినది శిక్షణ కాదు. 2009 నాటి నిర్బంధ విద్యాహక్కు చట్టముయొక్క 17వ విభాగము బిడ్డను శారీరకముగా శిక్షించుటయే కాక మానసికముగా వేధించుటను సైతము నిషేధించుచు, అట్లు చేసినవారిపై ఉద్యోగనియమముల ననుసరించి క్రమశిక్షణ చర్య తీసికొనవలెనని చెప్పుచున్నది. కావున "మా కాలములో బెత్తము దెబ్బలు తిని పైకి వచ్చితిమి" అను వాదమునకు నేడు చట్టములో స్థానము లేదు.

మన ప్రభుత్వము 1985లో ఉత్తమ శిక్షకులకు ఇచ్చుటకై ఒక పురస్కారము నెలకొల్పి దానికి ద్రోణాచార్యుని పేరు పెట్టెను. అస్త్రవిద్యలో ఆయనంతటి గురువు లేడు. అయినను తన ప్రియశిష్యుని కీర్తి నిలుపుటకై మరియొక బాలుని కుడిచేతి బొటనవ్రేలు గురుదక్షిణగా గైకొన్నవాడును ఆయనయే. తెలుగు బాలుడు భారతకథ విన్నప్పుడు ద్రోణునికి నమస్కరించును. ఏకలవ్యునికొరకు కన్నీరు పెట్టును. గురువుయొక్క గొప్పతనము, గురువు చేసిన అన్యాయము ఒక్క మనిషియందే ఉండవచ్చునను ఎరుక మనకు క్రొత్తది కాదు.

ఇండియానా విశ్వవిద్యాలయపు ఉదంతము

ఈ సమస్యను సంపూర్ణముగా పరిశీలించుటకు అమెరికాదేశములో నొక ప్రసిద్ధోదాహరణము కలదు. బాబ్ నైట్ 1971 నుండి 2000 వరకు ఇరువదితొమ్మిదేండ్లు ఇండియానా విశ్వవిద్యాలయపు బాస్కెట్‌బాల్ జట్టునకు శిక్షకుడుగా నుండెను. ఆయన యాజమాన్యమున ఆ జట్టు 1976, 1981, 1987 సంవత్సరములలో జాతీయ విజేత యైనది. 1976లో 32 ఆటలాడి ఒక్కటియు ఓడలేదు. 1984లో అమెరికా జట్టు ఆయన శిక్షణలోనే ఒలింపిక్సు స్వర్ణము గెలిచెను. తన ఆటగాండ్రు చదువు పూర్తిచేసి పట్టభద్రులు కావలెనని పట్టుబట్టువాడనియు, ఆటగాండ్రను చేర్చుకొనుటలో అక్రమములకు పాల్పడనివాడనియు ఆయనకు పేరు. ఆ రాష్ట్రములో ఆయనకు దైవసమానమగు గౌరవముండెను.

ఆయన కోపమును అంత ప్రసిద్ధమే. 1979లో ప్యూర్టోరికోలో జరిగిన పాన్ అమెరికన్ క్రీడలలో పోలీసు అధికారితో ఘర్షణపడి, తన పరోక్షమున అచ్చటి న్యాయస్థానముచే దోషిగా నిర్ణయింపబడెను. 1985 ఫిబ్రవరి 23న పర్డ్యూ విశ్వవిద్యాలయముతో జరుగుచున్న ఆటలో నిర్ణేతలపై ఆగ్రహించి కుర్చీని ఆటస్థలముమీదికి విసరెను. దానికి ఒక్క ఆటకు దూరముంచుటయే శిక్ష. రెండేండ్లకు మరల జాతీయ విజయము వచ్చెను. కుర్చీ సంగతి జనులు నవ్వుచు చెప్పుకొను కథగా మారెను.

2000 మార్చిలో నీల్ రీడ్ అను పూర్వపు ఆటగాడు, 1997లో అభ్యాససమయమున నైట్ తన గొంతు పట్టెనని బహిరంగముగా చెప్పెను. మొదట ఆ మాట నమ్మినవారు తక్కువ. నిందలు పడినది రీడే. ఏప్రిల్‌లో ఆ అభ్యాసముయొక్క దృశ్యములు టెలివిజనులో ప్రసారమయ్యెను. శిక్షకుని చేయి శిష్యుని కంఠముపై పడుట లోకము చూచెను. విశ్వవిద్యాలయము విచారణ జరిపి, మే 15న నైట్‌కు మూడు ఆటల నిషేధమును, ముప్పదివేల డాలర్ల జరిమానాను విధించెను. ఇకపై ఏ స్వల్పదోషమునైనను సహింపమని అధ్యక్షుడు మైల్స్ బ్రాండ్ ప్రకటించెను. ఆయన స్వయముగా తత్త్వశాస్త్ర పండితుడు. సెప్టెంబరు 7న తనను గౌరవవాచకము లేకుండ పలుకరించిన ఒక నూతన విద్యార్థి చేయిపట్టి ఆపి నైట్ మందలించెను. మూడు దినములకు, సెప్టెంబరు 10న, ఆయన తొలగింపబడెను. హెచ్చరిక తరువాతను ధిక్కారము మానలేదనియు, ఇది ఒక్క సంఘటనకు సంబంధించిన నిర్ణయము కాదనియు బ్రాండ్ చెప్పెను. సహింపమన్న హద్దులేవో తనకు స్పష్టపరుపలేదని నైట్ ఫిర్యాదు. వేలాది విద్యార్థులు అధ్యక్షుని నివాసమువద్ద గుమిగూడి నిరసన తెలిపిరి.

తొలగింపు న్యాయమే. శిష్యుని గొంతు పట్టినవానిని శిష్యులమధ్య నుంచుటకు విజయములు చాలిన కారణము కావు. అయినను తొలగించిన తీరులో మూడు లోపములు కానవచ్చుచున్నవి. గొంతు పట్టిన గొప్ప అపరాధమునకు జరిమానా, చేయి పట్టిన చిన్న అపరాధమునకు తొలగింపు విధించుటచే, శిక్షకు తప్పునకు గల పొంతన చెడెను. "మర్యాద నేర్పినందుకు మహానుభావుని వెళ్లగొట్టిరి" అని అభిమానులు వాదించుటకు అవకాశము చిక్కెను. 1979లోను 1985లోను వ్రాతమూలకముగా హద్దులు నిర్ణయించియున్నచో 1997 రాకయే పోయెడిదేమో. మూడవది, ఫిర్యాదు చేసిన శిష్యుని సంస్థ కాపాడలేదు, ఛాయాచిత్రము కాపాడెను.

కోలారు గనులలో పనిచేసిన కుటుంబములకు దీనిని పోల్చి చూచుట సులభము. లోతైన గనిలో రాతిపై ఒత్తిడి సంవత్సరములతరబడి పెరిగి, ఒకనాడు రాక్ బర్స్టుగా ప్రేలును. ఆనాడు చేసిన చిన్న త్రవ్వకమే ప్రమాదమునకు కారణమని ఎరిగినవా రెవ్వరును అనరు. ముందు వినవచ్చిన చిన్న చప్పుళ్లను లెక్కింపకపోవుటయే కారణమందురు. 

నైట్ తరువాత టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయమున 2001 నుండి 2008 వరకు శిక్షకుడుగా నుండి, 902 విజయములతో విరమించెను. ఆయన లేకున్నను ఇండియానా జట్టు 2002లోనే జాతీయ పోటీలో తుది ఆటవరకు చేరెను. "ఆయన పోయినచో ఆటయే పోవును" అను భయము నిజము కాలేదు. 2020 ఫిబ్రవరిలో ఆయన మరల ఆ క్రీడామందిరమున అడుగిడగా జనులు లేచి నిలిచి స్వాగతమిచ్చిరి. 2023 నవంబరు 1న ఆయన మరణించెను. గౌరవము తిరిగి రావచ్చును. దానికొరకు ఉద్యోగములో నిలుపనక్కరలేదు.

చూచినప్పుడే శిక్షయా?

2012 డిసెంబరులో రట్గర్సు విశ్వవిద్యాలయపు శిక్షకుడు మైక్ రైస్ ఆటగాండ్రపై బంతులు విసరుట, త్రోయుట, దూషించుట గల దృశ్యములను అధికారులు చూచి మూడు ఆటల నిషేధము, జరిమానా విధించి ఊరకుండిరి. 2013 ఏప్రిల్‌లో అవే దృశ్యములు టెలివిజనులో వచ్చిన మరునాడే తొలగించిరి. సాక్ష్యము మారలేదు, చూచినవారి సంఖ్య మారినది. ఇట్టి తొలగింపు న్యాయముకంటె సిగ్గుచే జరిగినదనవలెను.

తెలుగునాట 2024 ఫిబ్రవరిలో హైదరాబాదు క్రికెట్ సంఘము, జట్టు ప్రయాణించు బస్సులో మద్యము సేవించెనను ఆరోపణపై తన మహిళాజట్టు ప్రధాన శిక్షకుని విచారణ నిమిత్తమై విధులనుండి తప్పించెను. ఇచ్చటను కదలిక వచ్చినది దృశ్యములు బయటికి ప్రాకిన తరువాతనే. అయినను విచారణకు ముందు ఎడబాపుటయు, తుదితీర్పుగా తొలగించుటయు ఒకటి కావని ఈ ఉదాహరణము తెలుపుచున్నది. కోలారు జిల్లాలో కన్నడ వాడుకనుబట్టి మొదటిదానిని అమానతు అందురు, రెండవదానిని వజా అందురు. అమానతు శిక్ష కాదు. బిడ్డలను, సాక్షులను ఒత్తిడినుండి కాపాడు ఏర్పాటు. ఈ భేదమెరుగక, అమానతు నాడే దోషిగా తీర్మానించుట తగదు.

చట్టము చెప్పు మార్గము

ప్రభుత్వోద్యోగికి రాజ్యాంగముయొక్క 311వ అధికరణము రక్షణ యిచ్చుచున్నది. ఆరోపణలు తెలిపి, సమాధానము చెప్పుకొనుటకు తగిన అవకాశమొసగక తొలగింపరాదు. కర్ణాటకలోని ప్రైవేటు విద్యాసంస్థల ఉద్యోగులకు 1983 నాటి కర్ణాటక విద్యాచట్టముయొక్క 92వ విభాగము అట్టి రక్షణనే కల్పించుచున్నది. హైదరాబాదునందలి ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు, కరుణాకర్ అను ఉద్యోగికి నడుమ నడచిన వ్యాజ్యములో సుప్రీముకోర్టు 1993లో, విచారణాధికారి నివేదిక ప్రతిని ఉద్యోగికి ముందుగా ఇచ్చి తీరవలెనని నిర్ణయించెను. తొలగింపు, బర్తరఫు అను రెండింటికిని భేదము కలదు. తొలగింపబడినవాడు మరల ప్రభుత్వోద్యోగమున చేరవచ్చును. బర్తరఫైనవానికి సాధారణముగా ఆ దారి మూసికొనిపోవును. అపరాధమునుబట్టి శిక్ష నిర్ణయించుటకు ఈ తారతమ్యము ఉపకరించును.

అయితే ఈ రక్షణలు బిడ్డను మరల గాయపరచు ఆయుధములు కారాదు. నవోదయ విద్యాలయములో ఒక విద్యార్థినిపట్ల అనుచితముగా ప్రవర్తించిన ఉపాధ్యాయుని, సంపూర్ణవిచారణలో ఆమెను అడ్డుప్రశ్నలకు గురిచేయకుండ, ప్రాథమిక విచారణపై తొలగించుటను 1996లో సుప్రీముకోర్టు సమర్థించెను. పదునెనిమిదేండ్లలోపు బిడ్డపై లైంగికాపరాధము జరిగినట్లు తెలిసినచో 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము పోలీసులకు తెలుపుట తప్పనిసరి, దాచినవారును శిక్షార్హులు. "పాఠశాల పరువు పోవును, మనలో మనము సర్దుకొందము" అను పెద్దమనిషి మాట అచ్చట చెల్లదు. కళాశాలలలో విద్యార్థినుల ఫిర్యాదులు వినుటకు యు.జి.సి. 2015 నియమావళి ప్రకారము అంతర్గత సంఘముండవలెను.

ఫిర్యాదు భాష

బహుభాషాసీమయగు కోలారులో మరియొక చిక్కు కలదు. బిడ్డ ఇంట తెలుగు మాటలాడును. పాఠశాలలో కన్నడము చదువును. వీథిలో తమిళము వినును. విచారణ కాగితము ఇంగ్లీషులో నుండును. "తోసినాడు", "తట్టినాడు", "కొట్టినాడు" అను మూడు మాటలకు గల అంతరము భాషాంతరమున చెడినచో నిర్దోషికి శిక్ష పడవచ్చును, లేక దోషి తప్పించుకొనవచ్చును. కావున బిడ్డ పలికిన మాటలు పలికినట్లే వ్రాసికొనవలెను. పోక్సో చట్టముయొక్క 26వ విభాగము ఇట్లే నిర్దేశించి, అవసరమైనచో దుబాసీని పిలిపింపవలెనని చెప్పుచున్నది. రాజ్యాంగముయొక్క 350వ అధికరణము ప్రకారము దేశములోగాని రాష్ట్రములోగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను తన కష్టమును అధికారికి విన్నవించుకొను హక్కు ప్రతివ్యక్తికి కలదు. ఈ జిల్లాలో తెలుగు తల్లి తెలుగులోనే ఫిర్యాదు వ్రాసి యీయవచ్చునన్నమాట. ఈ హక్కు మనవారిలో చాలమందికి తెలియదు. ఆపదలో నున్న బిడ్డకు 1098 అను ఫోను సంఖ్యయు కలదు.

ఉపసంహారము

పై చర్చనుబట్టి తేలునది ఇది. శిష్యుని దేహమునకో మానమునకో హాని చేసినట్లు రుజువైన శిక్షకుడు ఎంత గొప్పవాడైనను ఆ పదవిలో ఉండదగడు. ఆయన విజయములు ఆయన చరిత్రలో నిలిచియుండును. శిష్యులపై అధికారము మాత్రము నిలువరాదు. కంచెయే చేను మేసినచో, ఆ కంచె ఎంత అందముగా అల్లినదను ప్రశ్నకు తావులేదు. నోటిదురుసు, కోపము వంటి దోషములకు మొదటినాడే వ్రాతపూర్వకమగు హెచ్చరికయు, దిద్దుకొనుటకు గడువును ఈయవలెను. మొక్కై వంగనిది మానై వంగునా యను సామెత బాలురకే గాక ఉపాధ్యాయులకును వర్తించును. 

విద్యాసంస్థలు నడుపు మన సంఘములవారు శిక్షకుని నియమించునాడే, చేయదగినవి చేయరానివి వ్రాసి ఆయన చేతికిచ్చి, దాని ప్రతిని తలిదండ్రులకును ఇచ్చినచో సగము కలహములు పుట్టవు. మైదానమునకు తలుపులు లేవు. అచ్చట జరుగు శిక్షణయు అట్లే పదిమందికి కనబడునట్లుండిన గురువు గౌరవము నిలుచును, బిడ్డయు నిర్భయముగా ఆడుకొనును.